పుట్టపాక తేలియా దుపట్టా, వాడినంక నా రివ్యూ

యాదాద్రి భువనగిరి జిల్లా నేతగాళ్ల ఊరు పుట్టపాకల ఒక చిన్న షాపుల తీస్కున్న తేలియా రుమాల్ కాటన్ దుపట్టా ఇది. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. 1,800 పడ్డది. రేటు విని హాస్టల్ పిల్లలు అమ్మో అన్నరు గని నా మటుకు నాకు ప్రతి రూపాయీ గిట్టింది.

ముందుగాల క్వాలిటీ చెప్త. ప్రింట్ బట్ట అయితే తిప్పి చూస్తే వెలిసినట్టు ఉంటది, ఇది రెండు దిక్కులా ఒక్కతీరే ఉన్నది. డిజైన్ అంచులు దగ్గర పెట్టుకొని చూడండి, స్కేలుతోని గీసినట్టు ఉండవు, పిట్ట ఈక అంచు లెక్క జర జారి ఉంటయి, ఎందుకంటే నేసినంక ఏసిన రంగు కాదు, దారాలకే చిటికి కట్టి, అంటే రంగు అంటొద్దనుకున్న కాడ గట్టిగ చుట్టి, రంగుల ముంచి, ఆ మచ్చలన్నీ ఒకదాని పక్కన ఒకటి కుదిరేటట్టు నేస్తరు. తేలియాకు అంతకన్న ముందే ఇంకో పని ఉంటది, నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల నానబెట్టుడు, పిసుకుడు, ఆరబెట్టుడు, రోజుల తరబడి. అందుకే కొత్తల కొంచెం నూనె వాసన వస్తది, పాడైందనుకోకండి. 2020ల జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని ఇచ్చే గుర్తింపు గూడ వచ్చింది దీనికి.

ఇగ నాకు ఇది ఎందుకింత ఇష్టమంటే, మాది గూడ మగ్గం ఇల్లే. అయినా మా ఇంట్ల నేసింది మేం కట్టుకున్నది లేదు, నూలు సావుకారిదే, బట్ట ఆయనకే పోతది, మాకు కూలి. నాయినమ్మ ఆసు పోస్తుంటే పక్కన కూసొని హోంవర్క్ చేసిన పిల్లను నేను. ఆసు అంటే అర్ధ గుండ్రంగ కొట్టిన మేకుల చుట్టూ దారం తిప్పుడు, ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ పోవాలె. మా లెక్కనే నేత ఇంట్ల పుట్టిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేకనే ఆసు మిషిన్ తయారు చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది ఆయనకు.

"నువ్వన్న సదువుకొని ఈ మగ్గం గుంతల నుంచి బయటపడు బిడ్డా" అంటడు మా నాయిన. పెద్ద చదువులకు పోతే ఇల్లు దూరమైతదేమో అని నాకు లోపల భయం ఉండె. ఇప్పుడు నల్గొండల ఎం.కామ్ చేస్తున్న. సెమినార్ నాడు ఈ దుపట్టా ఏస్కొని పోతే మేడమ్ "ఎక్కడిదమ్మా ఇది" అనడిగింది, చెప్పుడు మొదలుపెట్టిన, చిటికి నుంచి కూలి దాకా, ఆపబుద్ధి కాలే. క్లాసుల నేర్చుకున్న కాస్టింగ్, అంటే ఖర్చుల లెక్క అంతా మా ఇంటి మగ్గం మీదికే వచ్చింది, నూలు ఎంత, రంగు ఎంత, ఎన్ని రోజుల కూలి, షాపుల ఎంతకు అమ్ముతరు అని. ప్రాజెక్ట్ గూడ దాని మీదనే తీస్కున్న. మా నాయిన పనిని లెక్కలు కట్టి నలుగురికి చెప్పగలుగుతున్న అంటే అది నా చదువుతోనే వచ్చింది, ఆ మాట ఇంట్ల చెప్తే ఆయన ఏం అనలే గని, పాత కూలి చీటీలన్నీ తీసి నా ముందర పెట్టిండు.

తక్కువలు చెప్పాలంటే షాపుల అద్దం లేదు, దుపట్టాలు గూడ నాలుగైదే ఉన్నయి, ఇస్త్రీ లేకుంటే ముడతలు కనిపిస్తయి. ఉతికితే రంగు మాత్రం పోలే, నీడకు ఆరేస్తున్న. కొనేటోళ్లు బేరం జర తక్కువ చేయండి, ఎవరు నేసిన్రో అడగండి, మాకైతే షాపాయన ఇంటి పేరుతో సహా చెప్పిండు.