డాల్ఫిన్‌కు నిమ్ము: ఏ రక్తపరీక్ష మేలు?

డాల్ఫిన్‌కు నిమ్ము చేరినా పైకి తెలియదు. బలహీనత కనబడితే వేటాడే జంతువుల కంట పడుతుంది కాబట్టి ఓపిక ఉన్నంతవరకు మామూలుగానే ఈదుతుంది. మేత మానేసే సరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే డాక్టర్లు తోక రెక్కలోని నరం నుంచి రక్తం తీసి ముఖ్యంగా నాలుగు అంకెలు చూస్తారు: తెల్లకణాలు, ఈఎస్ఆర్ (గొట్టంలో ఎర్రకణాలు కిందికి దిగే వేగం), ఫైబ్రినోజెన్ (వాపు ఉంటే పెరిగే రక్త ప్రోటీన్), ఐరన్.

తెల్లకణాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. జంతువును పట్టుకున్న టెన్షన్‌కే ఆ లెక్క మారిపోతుంది. సముద్రంలో వల వేసి పట్టిన డాల్ఫిన్ విషయంలో ఇంకా కష్టం.

ఈఎస్ఆర్ సంగతి వేరు. గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో నింపి స్టాండులో నిలువుగా పెడతాం. గంట తర్వాత ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తాం. ఒంట్లో వాపు ఉంటే రక్తంలో కొన్ని ప్రోటీన్లు పెరుగుతాయి. కణాలు దొంతరలుగా అతుక్కుని, బరువెక్కి, తొందరగా కిందికి దిగుతాయి. మనుషుల డాక్టర్లు ఈ పరీక్షను పాతకాలపుది అంటున్నా డాల్ఫిన్లలో ఇప్పటికీ దీనికి విలువ ఉంది. అదే గొర్రె రక్తమైతే దండగ. నేను పనిచేసే కడప జిల్లా పశువుల ల్యాబ్‌కు వచ్చేవి ఎక్కువగా గొర్రెలు, ఎనుముల శాంపిళ్లే. గొర్రె ఎర్రకణాలు దొంతరలు కట్టవు. గంటసేపు పెట్టినా గొట్టం పైభాగంలో పసుపు గీత కూడా సరిగా రాదు. ఒక జంతువులో గెలిచిన పరీక్షను ఇంకో జంతువుకు తెచ్చి అంటగట్టకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

గొర్రెల్లో మాకు ఆసరా ఫైబ్రినోజెన్. సన్నటి గొట్టంలో రక్తాన్ని యంత్రంలో పెట్టి తిప్పి, 56 డిగ్రీల నీళ్లలో 3 నిమిషాలు ఉంచితే ఫైబ్రినోజెన్ గడ్డకట్టి విడిపోతుంది. ఖర్చు తక్కువ. డాల్ఫిన్లలో కూడా పనికొస్తుంది. ఐరన్ దీనికి రివర్స్: సూక్ష్మజీవులకు అందకుండా శరీరం ఇనుమును దాచేస్తుంది కాబట్టి జబ్బు చేస్తే రక్తంలో ఐరన్ తగ్గిపోతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఈఎస్ఆర్‌కే. పక్కన ఫైబ్రినోజెన్, ఐరన్ కూడా ఉంటే ధైర్యంగా మాట్లాడొచ్చు.

"రక్తం తీస్తే నిమ్ము అని తెలుస్తాదా సార్?" అని కాపరులు అడుగుతుంటారు. "తెలియదన్నా" అంటాను. లోపల వాపు ఉందని తెలుస్తుంది, అది ఊపిరితిత్తుల్లోనే ఉందని ఏ అంకే చెప్పదు. డాల్ఫిన్‌కైనా అంతే. చోటు చూపేది అల్ట్రాసౌండ్. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు ఒలికిన తర్వాత, 2011లో లూసియానాలోని బరటారియా బే డాల్ఫిన్లను పట్టి పరీక్షించారు. ఫ్లోరిడాలోని సరసోటా బే డాల్ఫిన్లతో పోలిస్తే, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉండే అవకాశం వీటిలో 5 రెట్లు ఎక్కువని తేలింది. ఆ జబ్బును పట్టించింది అల్ట్రాసౌండే.

రక్తానికి అసలు బలం పాత రికార్డులో ఉంది. కొలనులో పెంచే డాల్ఫిన్‌కు నెలనెలా రక్తం తీస్తే, దాని సొంత అంకెలు కాస్త కదిలినా జబ్బు ముందే దొరుకుతుంది. మన దేశంలో 2013 నుంచి డాల్ఫినేరియాలకు (డాల్ఫిన్లను పెంచి ఆడించే కొలనులకు) అనుమతి లేదు. అది మంచి నిర్ణయమే. కాబట్టి మన దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌కు పోల్చుకోవడానికి పాత అంకెలు ఉండవు. అక్కడ మాత్రం ముందు అల్ట్రాసౌండ్, తర్వాతే రక్తం.