ఎనిమిదేళ్ళ స్టీలు గిన్నెల సెట్టు, ఇరుక్కుపోయిన ఆ రెండూ

పాలకొల్లులో ఏడు గిన్నెలున్న ఈ సెట్టు కొని ఎనిమిదేళ్ళయింది. అడుగు మందం, మెరుపు సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నేను చెప్పేది ఒకదాంట్లో ఒకటి కూర్చునే తీరు గురించే. కొన్న కొత్తలో ఏడూ ఒక్క గిన్నె చోట్లో సర్దుకుంటాయని అక్కలందరికీ చెప్పి కొనిపించాను కూడా.

పోయిన సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, కనుమ రాత్రి వేణ్ణీళ్ళతో తోమేసి ఆ వేడి మీదే తడి తుడవకుండా ఒకదాంట్లో ఒకటి పెట్టేశాను. పొద్దున్నకి పెద్దవి రెండూ ఒక్కటైపోయాయి. మధ్యలో చిక్కిన వేడిగాలి చల్లారి ముడుచుకుంటే లోపలి గిన్నెని కిందకి లాగేసుకుంటుందండి, పైగా సందులో తడి. మా ఆయన పచ్చడిబండతో కొడితే అంచు సొట్టపోయింది గానీ గిన్నె కదల్లేదు. ఆ సొట్ట వల్ల ఇప్పటికీ మూత సరిగ్గా కూర్చోదు, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. అంచుల్లో నూనె పోసి రాత్రంతా ఉంచాం, లాభం లేదు. మొత్తం మరిగే నీళ్ళలో ముంచాను, రెండూ కలిసే వేడెక్కాయి, కలిసే సాగాయి, ఇంకెలా వస్తుంది.

అప్పుడు మా అత్తయ్యగారు "లోపలిదానికి చలి పెట్టు, బయటిదానికి వేడి తగలనీ" అన్నారు. మా మరిది రొయ్యల చెరువు దగ్గర్నుంచి ఐసు తెస్తే లోపలి గిన్నె నిండా పోసి ఐదు నిమిషాలు ఆగి, వేణ్ణీళ్ళ బేసిన్‌లో కూర్చోబెట్టి గుడ్డతో పట్టుకుని తిప్పాను, టప్పుమని ఊడొచ్చింది! 25 సెంటీమీటర్ల స్టీలు గిన్నె 60 డిగ్రీల తేడాకి సాగేది పావు మిల్లీమీటరే, అదే చాలింది. ఆ రోజు నా ఆనందం అంతా ఇంతా కాదు.

స్టీలు గిన్నెలో ఇత్తడిది ఇరుక్కుంటే మాత్రం మొత్తం వేడి చెయ్యకండి, ఇత్తడి ఇంకా ఎక్కువ సాగి బిగుసుకుంటుంది. మా అజ్జరం ఇత్తడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టాకే వదిలింది. గాజువాటికి ఈ వేడి చలి వద్దు, పగులుతాయి.

ఇప్పుడు బాగా తుడిచి మధ్యలో పాత నూలుగుడ్డ వేస్తున్నా, పెద్దవి రెండూ విడిగానే. కాబట్టి చోటు కలిసొస్తుందన్న నా మాట సగమే నిజం. మాది ఇరుకు వంటిల్లు, ఆరుగురు మనుషులం, వానాకాలంలో ఏదీ ఓ పట్టాన ఆరదు, అయినా మాకు దీంతోనే గడిచిపోతోంది. అల్మారాలో చోటున్నవాళ్ళు విడివిడిగా కొనుక్కోండి, సెట్టే కావాలంటే షాపులోనే అన్నీ దింపి పైకి తీసి చూసుకోండి, నేను అప్పుడు చూసుకోలేదు.