పట్టు ముక్కల కిలో కట్ట: క్రేజీ క్విల్ట్‌కి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, ఈ కట్టకి ఐదుకి రెండున్నర ఇస్తాను, అందులో ఒకటి కేవలం వెల్వెట్ ముక్కల పుణ్యం. ఆన్‌లైన్‌లో క్రేజీ క్విల్ట్ కోసమని, అసలైన పట్టు చీరల ముక్కలని చెప్పి కిలో లెక్కన అమ్ముతున్నారు కదా, అలాంటిదే ఒకటి తెప్పించాను. దాంతోపాటు ఎంబ్రాయిడరీ దారాలు, సూదుల పొట్లం, కుట్ల బొమ్మలున్న ఒక కాగితం కూడా వచ్చాయి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

క్రేజీ క్విల్ట్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం. మన బొంత పాత చీరలు పొరలుగా పరిచి ఈ చివర నుంచి ఆ చివరకి దారం వేసి కుట్టేది, చలికి కప్పుకునేది, మాసిపోతే ఉతికి ఆరేసేది. ఇది అలా కాదు. 1876లో అమెరికాలో, ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది, అక్కడ జపాన్ వాళ్లు పెట్టిన వస్తువుల్లో ఎడాపెడా ఉన్నట్టు కనిపించే ఆ అమరిక చూసి అక్కడి ఆడవాళ్లకి మోజు పుట్టిందంటారు. 1880లకి వచ్చేసరికి ఇంటింటా ఇదే పిచ్చి. పట్టు, వెల్వెట్, శాటిన్, రిబ్బన్లు, ఏది దొరికితే అది కొలతా ఆకారం లేకుండా ఒక పల్చటి గుడ్డ మీద అతికించడం, ప్రతి అతుకు మీదా రంగు దారంతో ఒక కుట్టు వేయడం, ఖాళీ కనపడితే అక్కడొక పువ్వో సాలెగూడో విసనకర్రో కుట్టేయడం. చాలావాటిలో లోపల దూది కూడా ఉండదు, ఎందుకంటే అవి కప్పుకోవడానికి కాదు, ముందుగదిలో వేసి వచ్చినవాళ్లకి చూపించుకోవడానికి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇలాంటివి ఉన్నాయి, వాళ్ల సైట్‌లో ఫొటో పెద్దది చేసి చూడండి, ఎన్ని రకాల కుట్లు పెట్టారో!

సరే, కట్ట సంగతి. మొదటి ఫిర్యాదు "అసలైన పట్టు" అన్న మాట మీదే. విప్పగానే అన్నీ మెరుస్తున్నాయి, ఏది పట్టో ఏది కాదో కంటికి తెలియదు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపిస్తే తేలిపోతుంది: పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. నాకొచ్చిన వాటిలో సగానికి పైగా పూసలే. పాలిస్టర్ వాడకూడదని నేననను, కానీ పట్టు ధర తీసుకున్నారు కదా! పైగా ఇస్త్రీ దగ్గర ఇబ్బంది. ఈ పనిలో ఒక ముక్క మీద ఇంకో ముక్కని బోర్లా పెట్టి కుట్టి, తిప్పి, ఇస్త్రీ చేసి, మళ్లీ పక్కది పెట్టాలి. అడుగున ఉన్న కోరా గుడ్డకి కాటన్ వేడి కావాలి, పైనున్న పాలిస్టర్ ఆ వేడికి ముడుచుకుపోతుంది. మధ్యలో పల్చటి నూలు గుడ్డ వేసి తక్కువ వేడి మీద మెల్లగా చేసుకోవాల్సిందే. (కోరా గుడ్డని ముందే తడిపి ఆరేయండి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి పైన అన్నీ ఉబ్బుతాయి.)

రెండోది జరీ. ఫొటోలో చూసి మనం మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే పెద్ద జరీ అంచు ఉన్న ముక్కలు ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటాయి. చేతికొచ్చాక సూది దిగదు. మెషీన్ మీద అతుకు వేసుకోవచ్చు గానీ దాని మీద చేత్తో ఫెదర్ స్టిచ్ (ఈకలా అటూ ఇటూ కొమ్మలు వేసే కుట్టు) వేయాలంటే ప్రతి కుట్టుకీ వేలు నొప్పి పుట్టేలా సూదిని నెట్టాలి, వెనకవైపు వదులుగా వేలాడే జరీ పోగులు దారానికి చిక్కుకుంటాయి, ప్లాస్టిక్ జరీ అయితే ఇస్త్రీ తగిలితే పాడవుతుంది. నేను కనిపెట్టిన దారి ఏంటంటే, జరీ ముక్క పక్కన ఎప్పుడూ సాదా ముక్కే పెట్టి, హెరింగ్‌బోన్ లాంటి అతుక్కి రెండు వైపులా దిగే కుట్లు మానేసి, సాదా వైపున మాత్రమే గొలుసు కుట్టో కాడ కుట్టో వేయడం. జరీకి ఉన్న మెరుపు దానికి చాలు, దాని మీద మళ్లీ మన పనితనం అక్కర్లేదు.

ఇక ఆకారాలు. కిలో తూగడానికి పీలికలు బాగా కూరారు, రెండు అంగుళాల వెడల్పు కూడా లేనివి, కొన్నిటికి ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే మెషీన్ కుట్టు) కూడా అలాగే ఉంది. మధ్యలో పెట్టే మొదటి ముక్క అరచేయంత ఉండి, ఐదు పక్కలు వచ్చేలా కత్తిరించుకోగలిగితేనే చుట్టూ మిగతావి తిరుగుతాయి. అంత పెద్ద ముక్కలు వెతుక్కోవాల్సి వచ్చింది. పీలికల్ని వరసగా అతికిస్తే చారల చీరలా వస్తుంది గానీ క్రేజీ క్విల్ట్ రాదు.

కొన్ని పాత పట్టు ముక్కలు మడత దగ్గర చిట్లి ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పట్టు బరువుగా, గరగరలాడుతూ ఉండాలని లోహ లవణాలు ఎక్కించేవాళ్లు, ఆ పట్టుతో కుట్టిన క్విల్ట్‌లు ఇప్పుడు మ్యూజియంలలో ముక్క ముక్కగా చీలిపోతుంటే, పక్కనున్న నూలు ముక్కలు మాత్రం బాగానే ఉంటాయి. మన ముక్కలు చిట్లడానికి కారణం వేరు కావచ్చు, అయినా రెండు చేతులతో పట్టుకుని కొంచెం గట్టిగా లాగి చూసి, చిరిగితే పక్కన పడేయండి. పల్చగా ఉన్నా గట్టిగా ఉంటే వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే గుడ్డ) అతికించి వాడుకోవచ్చు.

మెచ్చుకోవాల్సింది వెల్వెట్. మెరూన్, నెమలికంఠం రంగు, ముదురాకుపచ్చ, నిజంగా మంచి ముక్కలు, పెద్దవి, రంగు కూడా పోలేదు (తెల్ల గుడ్డ తడిపి రుద్ది చూశాను). దాని మీద సన్న దారం లోపలికి కూరుకుపోతుంది కాబట్టి లావు దారమే వాడాలి, ఇస్త్రీ వెనక నుంచి, కింద టవల్ వేసి.

దారాల గురించి ఒక్క మాట: వాడకండి. మెరిసే రేయాన్ పోగులు, లాగితే చీలిపోతాయి, ముడి నిలవదు. అతుకుల మీదకి పర్ల్ కాటన్ 8 నంబరు ఉండలు కొనుక్కోండి, పురి ఉన్న దారం కాబట్టి కుట్టు ఎత్తుగా నిలబడుతుంది. చిన్న పువ్వులకీ, లేజీ డైజీకీ (రేకులా వేసే కుట్టు), ఫ్రెంచ్ నాట్‌కీ (చుక్కలా వేసే ముడి కుట్టు) ఆరు పోగుల కాటన్ దారపు చుట్ట (స్కీన్) తీసుకుని రెండో మూడో పోగులు విడదీసుకుంటే చాలు. దారం కంపెనీ యాంకర్ అయినా డీఎంసీ అయినా నాకు రెండూ సమానమే. పర్ల్ కాటన్‌కి పెద్ద కన్ను, వాడి మొన ఉన్న షెనీల్ సూది కావాలి, పొట్లంలో అది లేదు. బొమ్మల కాగితంలో ఉన్నవి స్కూల్లో కుట్టుపని క్లాసులో నేర్పేవే.

మరి కొనాలా? హైదరాబాద్, విజయవాడ లాంటి చోట ఉంటే అక్కర్లేదనే నా అభిప్రాయం. బ్లౌజులు కుట్టే టైలర్ దగ్గరికెళ్లి "అక్కా, పట్టు బ్లౌజుల కత్తిరింపులు పారేయకుండా ఒక సంచిలో వేసి ఉంచవా" అని అడగండి. చంక దగ్గర, మెడ దగ్గర కోసిన ఆ వంకర ముక్కలు దీనికి అచ్చంగా సరిపోతాయి, ధర్మవరం, ఉప్పాడ, వెంకటగిరి అన్నీ కలిసి వస్తాయి, పైగా అవి కొత్త గుడ్డలు. మిగిలిన డబ్బుతో సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట లేసులు, మగ్గం వర్క్ షాపుల్లో పూసలు, చమ్కీలు కొనుక్కోవచ్చు. టైలర్ అందుబాటులో లేనివాళ్లు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్లు కొనాలనుకుంటే ముక్క కనీస సైజు ఎంతో రాతపూర్వకంగా అడగండి, వెనకవైపు ఫొటో కూడా పెట్టమనండి. వెల్వెట్ ముక్కలు విడిగా కట్టి అమ్మితే మాత్రం నేను మళ్లీ కొంటాను, ఆ సంగతి వాళ్లకి మెసేజ్ పెట్టాను కూడా, ఇంకా జవాబు లేదు.