ఎల్బర్టా, పైక్స్ పీకా?
అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఈ రెండు శిఖరాల్లో దేనికి వెళ్ళాలంటే, ఎత్తే ముఖ్యమైతే ఎల్బర్టే: 14,440 అడుగులు, రాకీ పర్వతాలన్నిటిలోకీ ఎత్తైనది. పైక్స్ పీక్ 14,115 అడుగులే, కానీ పేరంతా దానిదే. మైదానాల అంచున నిలబడటంతో చాలా దూరం నుంచే కనిపిస్తుంది, 1859లో బంగారం కోసం బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళకి అదే గుర్తు (అప్పుడు బంగారం దొరికింది మాత్రం డెన్వర్‌కి పడమటి కొండల్లో). అమెరికా సైన్యాధికారి జెబులాన్ పైక్ 1806లో ఎక్కబోయి మంచుకి వెనక్కి తిరిగాడు, అయినా పేరు ఆయనదే! ఇప్పుడైతే శిఖరం దాకా కారు వెళ్తుంది, 1891లో మొదలైన, రంపంలా పళ్ళున్న పట్టా పట్టుకుని ఎక్కే రైలూ ఉంది. ఎల్బర్ట్‌కి ఆ సుఖాల్లేవు, లెడ్‌విల్ అనే ఊరి దగ్గర తెల్లారకముందే బయల్దేరి నడవాల్సిందే, మధ్యాహ్నం పిడుగులు మొదలయ్యేలోపు దిగిపోవాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే పైక్స్ పీక్. మోకాళ్ళు బాగుంటే నా ఓటు ఎల్బర్ట్‌కే.