తాగుడు మాన్పించాలంటే నిలదీయడం మేలా, ఇంట్లోవాళ్లకు శిక్షణ మేలా?

తాగే మనిషి చికిత్సకు ఒప్పుకున్నాడా లేదా అన్నది ముందు చూడాలి. ఏ పద్ధతన్నది దాన్నిబట్టే.

ఒప్పుకోకపోతే మన ఇళ్లలో జరిగేది పంచాయితీ. బావమరుదులు, పెద్దమనుషులు కూర్చోబెట్టి నిలదీస్తారు. అమెరికాలో వెర్నన్ జాన్సన్ ఇలాంటి నిలదీతనే, ముందే సాధన చేయించి, ఒక పద్ధతిగా మలిచాడు. రెండోది ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చే దారి: రాబర్ట్ మేయర్స్ తెచ్చిన 'క్రాఫ్ట్' పద్ధతి. ఇందులో కౌన్సెలింగ్‌కు వెళ్లేది భార్యో, తల్లో. 1999లో 130 కుటుంబాలతో వచ్చిన అధ్యయనంలో క్రాఫ్ట్ దారిలో 64 శాతం మంది చికిత్సలో చేరారు, నిలదీత దారిలో 30 శాతం. నిలదీతకు ఒప్పుకున్న కుటుంబాల్లో ఎక్కువ భాగం తీరా సమయానికి వెనక్కి తగ్గాయి. అయినవాడిని నలుగురిలో నిలబెట్టడం అంత తేలిక కాదు మరి.

క్రాఫ్ట్‌లో మొదటి పని, ఎప్పుడు, ఎవరితో, దేని తర్వాత తాగుతున్నాడో రాసుకోవడం. తాగని సాయంత్రం ఇష్టమైన కూర, కబుర్లు, పిల్లలతో షికారు. తాగొస్తే గొడవపడకుండా పక్కకు తప్పుకోవడం. బెల్టు షాపు బాకీ కట్టరు, 'జ్వరమండీ' అని ఆఫీసుకు ఫోన్ చేయరు. చికిత్స మాట ఎత్తేది మత్తు దిగి, తనే సిగ్గుపడుతున్న పూట. అపాయింట్‌మెంట్ అప్పటికే సిద్ధంగా ఉండాలి. వారం ఆగితే మనసు మారిపోతుంది. చాలామంది తడబడేది శిక్ష దగ్గర కాదు, మెచ్చుకోలు దగ్గర. 'తాగకపోవడం కూడా గొప్పేనా' అనిపిస్తుంది.

ఒప్పుకున్నాక దంపతుల బిహేవియరల్ థెరపీ మేలు. సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 20 సిట్టింగులు. రోజూ ఒకే వేళకు రెండు నిమిషాల ఒప్పందం: 'నిన్నటి నుంచి తాగలేదు, రేపు ఈ వేళదాకా తాగను' అని ఆయన, 'థాంక్సండీ' అని ఆమె. క్యాలెండర్‌లో టిక్కు. పాత తాగుడు ఊసు సిట్టింగులోనే తప్ప ఇంట్లో ఎత్తకూడదు. ఈ షరతే ముందు తప్పుతుంది, దాంతో ఆ రెండు నిమిషాలూ తగాదా అవుతాయి. తీవ్రంగా కొట్టే మనిషైతే ఈ థెరపీ వద్దు, ముందు ఆమె భద్రత చూడాలి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు కాబట్టి మొదటి రోజులు డాక్టరు పర్యవేక్షణలో గడవాలి.

డాక్టరు రాస్తే ఆ రెండు నిమిషాల్లోనే డైసల్ఫిరామ్ మాత్ర, అంటే మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, ఆమె ఎదుట వేసుకుంటాడు. ఆఖరుసారి తాగి కనీసం 12 గంటలు దాటాలి. అదే మాత్రను తెలియకుండా కూరలో కలిపితే, పైన మద్యం పడగానే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మంచి డీఅడిక్షన్ సెంటర్ ఆచూకీకి 14446, ఉచితం.