కాజా వేగే ఊరికే బస్సెక్కాం

మా హాస్టల్లో ప్రయాణం అనగానే ముందు చూడాల్సిన ప్రదేశాల జాబితా తయారవుతుంది. గుడి, జలపాతం, బీచి, మ్యూజియం. తిండి సంగతి బస్సు దిగాక, ఆకలేశాక చూసుకుందాంలే అంటారు. ఈసారి సెమిస్టర్ సెలవుల్లో వరస మార్చాం. ఏ ఊళ్లో ఏ తినుబండారానికి పేరుందో, అది ఏ వేళకు తయారవుతుందో ముందు కనుక్కుని, మిగతావన్నీ దాని చుట్టూ పేర్చుకున్నాం. రాజమహేంద్రవరంలో మొదలై ఆత్రేయపురం, తాపేశ్వరం, కాకినాడ, విశాఖపట్నం మీదుగా అరకు దాకా తిరిగాక నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటే. పేరున్న మిఠాయిని బస్టాండు అద్దాల పెట్టెలోంచి కొంటే మనం తినేది ఆ పేరునే.

రాజమహేంద్రవరంలో రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో లాడ్జి తీసుకున్నాం. గది చిన్నది, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. అయినా దుప్పట్లు ఉతికినవి, గడియ గట్టిగా పడుతుంది, రాత్రి ఆలస్యంగా వచ్చినా తలుపు తీసే మనిషి ఉన్నాడు. అమ్మాయిలం కలిసి వెళ్లేటప్పుడు నేను చూసేది ఈ మూడే. గోదావరి కనిపించే గదికి రెట్టింపు అడిగారు. నది చూడటానికి పుష్కర ఘాట్ ఉండగా గదిలోంచి చూడటం ఎందుకు? సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుంటే చాలు. 1997లో రైళ్లు మానేసిన పాత హేవలాక్ వంతెన, దాని తర్వాత వచ్చిన ఆర్చి వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన ఈ ఊరికే సొంతం. ఇక్కడి రోజ్‌మిల్క్‌కు పెద్ద పేరు. మండుటెండలో మొదటి గ్లాసు అమృతమే. రెండోది మాత్రం నాకు తీపి ఎక్కువైంది.

మర్నాడు ధవళేశ్వరం వెళ్లాం. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కథంతా అక్కడి మ్యూజియంలో ఉంది. మాలో సివిల్ ఇంజినీరింగ్ చదివే అమ్మాయి నమూనాల దగ్గర నిలబడిపోతే, పూతరేకులు ఎండిపోతాయని భయపెట్టి లాక్కొచ్చాం. ఆనకట్ట దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. రాష్ట్రానికి చెందినవారని చూపే గుర్తింపు కార్డు ఉంటే చాలు. మాతో వచ్చిన ఇద్దరు అబ్బాయిలు టికెట్టు కొన్నప్పుడల్లా మా వైపు ఒక చూపు చూసేవాళ్లు. మిగిలిన డబ్బుతో వాళ్లకు మేమే మిఠాయి కొనిపెట్టాం కాబట్టి లెక్క సరిపోయిందని నా వాదన.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇవి ఈ ఊరివేనన్న చట్టబద్ధమైన ముద్ర, వచ్చింది. ఊళ్లోకి అడుగుపెడితే దుకాణాల బోర్డులే ముందు కనిపిస్తాయి. వాటి దగ్గర ఆగిపోకుండా రేకు తీసే ఇల్లు ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. మేం వెళ్లిన ఇంట్లో ఒక పెద్దావిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది, కింద ఎండిన కొబ్బరాకుల మంట. పక్కనే గిన్నెలో నీళ్లలా పలచటి బియ్యప్పిండి. గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతులా చాచి పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగేసింది. గుడ్డ కుండను వదిలిందో లేదో ఉల్లిపొరలాంటి రేకు అంచులు పైకి లేచాయి. దాన్ని ఒలిచి పక్కన పెట్టి, చూడకుండానే మళ్లీ గుడ్డ ముంచింది.

"చెయ్యి కాలదా అమ్మమ్మా?" అని అడిగాను.

"కాలకపోతే రేకెలా వస్తుందే అమ్మాయ్?" అంది, మంటలోకి ఇంకో ఆకు తోస్తూ.

జయ రకం బియ్యంతోనే రేకు చక్కగా వస్తుందని చెప్పింది. తడిగుడ్డతో రేకును కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడిచి మా చేతిలో పెట్టింది. దుకాణంలో కొన్నదానికీ దీనికీ తేడా ఎక్కడుందంటే, నోట్లో పెట్టగానే రేకు కనిపించకుండా పోయి నెయ్యి వాసన మాత్రమే మిగిలింది. పెట్టెలో నిలవున్న పూతరేకులో ఆ నెయ్యి బిగుసుకుని ఉంటుంది, రేకు పంటికి తగులుతుంది. బెల్లంతో చేసింది నాకు ఇంకా నచ్చింది. జీడిపప్పు, బాదం కూరి చేసేవాటికి ధర ఎక్కువ, కానీ ఆ పప్పుల కింద రేకు రుచి తెలియదు. ఉత్త రేకులు కూడా అమ్ముతారు. హాస్టల్‌కు తీసుకెళ్లేవాళ్లకు అదే మంచి బేరం, నెయ్యీ పంచదారా మన చేత్తో వేసుకోవచ్చు.

అక్కడి నుంచి రావులపాలెం, మండపేట మీదుగా తాపేశ్వరం. ఊరు చిన్నది, చూడటానికి ఇంకేమీ లేదని ముందే చెబుతున్నాను. మడత కాజా కోసమే దిగాలి, తిని మళ్లీ బస్సెక్కాలి. పలచగా వత్తిన పిండిని పొరలు పొరలుగా చుట్టి, ముక్కలు కోసి, నూనెలో నెమ్మదిగా వేయిస్తారు. వేగుతున్నప్పుడు మడతలు విచ్చుకుంటాయి, ఆ సందుల్లోకే తర్వాత పాకం దిగుతుంది. వేడిగా ఇచ్చినదాన్ని కొరికితే పై పొర కరకరలాడింది, లోపల పొర పాకంతో మెత్తగా ఉంది. చల్లారిన కాజాలో ఈ రెండూ ఒకటైపోతాయి. దుకాణంలో వాళ్లను మొహమాటం లేకుండా అడగండి, ఇప్పుడే తీసినవి ఉన్నాయా అని. మమ్మల్ని కాసేపు కూర్చోబెట్టి కొత్త వాయి తీశాకే ఇచ్చారు. ఒక్కొక్కటే కొనే విద్యార్థుల మీద అంత ఓపిక చూపించడం నాకు గుర్తుండిపోయే మర్యాద.

కాకినాడలో కాజా గొట్టం రూపం ఎత్తుతుంది. లోపల బోలు, ఆ బోలు నిండా పాకం. దీన్ని సగానికి కొరకకూడదు, చొక్కా పాడవుతుంది. ఒక చివర కొద్దిగా కొరికి, పాకం పీల్చి, ఆ తర్వాత మిగతాది తినాలి. మడత కాజా గొప్పదా, గొట్టం కాజా గొప్పదా అని సామర్లకోట స్టేషను దాకా కొట్లాడుకున్నాం. నా ఓటు మడత కాజాకే. గొట్టం కాజా తినడం సరదా, మడత కాజా తినడం రుచి. కాకినాడలో ఉండగానే కోరింగ మడ అడవులకు వెళ్లొచ్చాం. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్లు, వాటి మధ్య పీతలు. ఉదయమే వెళ్లాలి, నీళ్ల సీసా వెంట ఉండాలి. మధ్యాహ్నం ఉక్కపోతకు అందం మీద ధ్యాస నిలవదు.

విశాఖలో బసకు రైల్వే రిటైరింగ్ రూముల డార్మిటరీ ప్రయత్నించండి. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్టు ఉన్నవాళ్లకు ఇస్తారు, ముందుగా ఆన్‌లైన్లో తీసుకోవడం మేలు. మరుసటి ఉదయం అరకు రైలు పట్టుకోవాలంటే స్టేషనులోనే నిద్రలేవడం ఎంత హాయో చెప్పలేను. బీచి రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడాల్సిందే. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఈ 91 మీటర్ల నౌకలో నావికులు పడుకున్న బల్లలు చూశాక మా హాస్టల్ గది మీద ఫిర్యాదులు తగ్గాయి. బయటికొస్తే మురీ మిక్చర్ బండ్లు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, పల్లీలు, కారం, నిమ్మరసం వేసి గిన్నెలో గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. పొట్లం అందుకున్న క్షణం నుంచి పరుగు పందెమే, నిమ్మరసానికి మరమరాలు మెత్తబడేలోగా ముగించాలి. సముద్రపు గాలి కూడా నిమ్మరసం పక్షమే. ఈ ప్రయాణం మొత్తంలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత తృప్తి ఇంకెక్కడా దొరకలేదు.

అరకుకు ఉదయం బయలుదేరే కిరండోల్ రైల్లో వెళ్లాం. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన మార్గం ఇది. సొరంగం తర్వాత సొరంగం, ప్రతి చీకటికీ పెట్టె అంతా ఒకటే కేక. అద్దాల విస్టాడోమ్ పెట్టె బాగుంటుంది గానీ విద్యార్థి జేబుకు బరువు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే అవే కొండలు కనిపిస్తాయి, పైగా గాలి తగులుతుంది.

బొర్రా గుహలు వేరే లోకం. సున్నపురాయిని నీరు యుగాల పాటు తొలిచి చేసిన ఆ విశాలమైన గదుల్లో గొంతు దానంతటదే తగ్గిపోతుంది. రంగురంగుల దీపాలు మాత్రం నాకు నచ్చలేదు, రాయికి ఉన్న రంగు చాలదా? మెట్లు తడిగా ఉంటాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. బయట కోతులున్నాయి, చేతిలో చిప్స్ పొట్లంతో నడవకండి. అక్కడే బొంగు చికెన్ దుకాణాల వరస. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క పడదు, ముక్క తన నీటిలోనే ఉడుకుతుంది. ముందే కాల్చి ఉంచినది అంటగట్టబోతే వద్దనండి. బరువు ఎంత, ధర ఎంత అని ముందే తేల్చుకుని, మన కళ్లెదుట బొంగు నింపించుకుంటే ఆ వెదురు వాసన దక్కుతుంది. మాంసం తినని మా స్నేహితురాలు కాల్చిన మొక్కజొన్న పొత్తుతో, అరకు కాఫీతో సరిపెట్టుకుంది. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటిని అల్లుకున్న మిరియాల తీగల మధ్య తోటలు చూశాక తాగితే రుచి పెరిగినట్టే అనిపించింది.

అరకులో బస ఒక్కటే నోరు చేదు చేసింది. ఫోనులో చూపిన ధర ఒకటి, చేరాక వేడినీళ్లకు బకెట్టుకింత, అదనపు దుప్పటికింత అని వేరే లెక్క. చలికాలంలో అక్కడ ఈ రెండూ లేకుండా రాత్రి గడవదని వాళ్లకు బాగా తెలుసు. గది తీసుకునే ముందు ఇవి ధరలో కలిశాయా అని ఫోన్లోనే అడిగి, సందేశంగా రాయించుకోండి. వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసే రోజుల్లో శని, ఆదివారాలు అసలే వద్దు. వారం మధ్యలో అయితే బేరానికి దిగివస్తారు.

తిరుగు ప్రయాణంలో సంచి సర్దుకోవడం కూడా ఒక పనే. ఉత్త రేకులు గట్టి అట్టపెట్టెలో, అన్నిటికంటే పైన. కాజాలు అడుగున, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి, పాకం కారినా పుస్తకాలకు అంటకుండా. కాఫీ పొడి బట్టల మధ్య పెడితే వారం పాటు బట్టలన్నీ అదే వాసన. దానికి మాలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.