డీటీహెచ్ కనెక్షన్ తీసేయాలా, ప్యాక్ తగ్గించుకోవాలా: నల్లగొండ నుంచి ఒక ఇంటి అనుభవం

నల్లగొండ పట్టణంలోని మా ఇంట్లో డీటీహెచ్ కనెక్షన్ పదేళ్ళకు పైగా ఉంది. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చి, పిల్లలు పెద్ద టీవీలో కూడా యూట్యూబే పెట్టుకోవడం మొదలైనప్పటి నుంచి, ఇంకా దీనికి నెలనెలా డబ్బు కట్టడం దేనికన్న ప్రశ్న రీచార్జ్ చేసే ప్రతిసారీ వస్తూనే ఉంది. మా వీధిలో కొందరు కనెక్షన్ పూర్తిగా తీసేశారు, కొందరు తిరిగి కేబుల్‌కు మారారు. మేము మాత్రం దీన్ని పెద్ద ప్యాక్‌తో కొన్నేళ్ళు, ఒక ఎండాకాలమంతా అసలు లేకుండా, ఆ తరువాత ఏరి తీసుకున్న చానళ్ళతో వాడి చూశాము. ఇప్పుడు నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో తీసేయవలసింది కనెక్షన్‌ను కాదు, ప్యాక్‌ను.

ఈ తేడా అర్థం కావాలంటే ముందు బిల్లు చూడాలి. మనం కట్టే మొత్తంలో రెండు భాగాలుంటాయి. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే చానళ్ళను మన ఇంటిదాకా చేర్చినందుకు డీటీహెచ్ సంస్థో కేబుల్ సంస్థో తీసుకునేది. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో రూపొందించి 2019 ఫిబ్రవరి నుంచి అమలులోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, మొదటి 100 చానళ్ళకు ఈ ఫీజు 130 రూపాయలు మించకూడదని ఉండేది. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు అయ్యేది. 2020లో అదే 130 రూపాయలకు 200 చానళ్ళు ఇవ్వాలని మార్చారు. 2024లో ఆ గరిష్ఠ పరిమితినే తొలగించి, ఫీజు ఎంతన్నది సంస్థలకే వదిలేశారు. కాబట్టి పాత లెక్క పట్టుకొని కూర్చోకుండా, ఎవరి బిల్లులో ఈ ఫీజు ఎంత పడుతున్నదో వారే చూసుకోవడం అవసరం. రెండో భాగం మనం ఎంచుకున్న పే చానళ్ళ ధర. మన చేతిలో ఉన్నది ఈ రెండో భాగమే, వృథా అంతా జరుగుతున్నదీ ఇక్కడే.

పే చానళ్ళను విడివిడిగా తీసుకోవచ్చు, గుత్తగా ప్యాక్‌లోనూ తీసుకోవచ్చు. ఒక చానల్‌ను ప్యాక్‌లో కలపాలంటే దాని విడి ధర 19 రూపాయలు మించకూడదన్నది నిబంధన. దీన్ని 12 రూపాయలకు తగ్గించాలన్న ప్రయత్నం కోర్టులకెక్కి, చివరకు 2022 నవంబరులో చేసిన సవరణతో మళ్ళీ 19కే వచ్చింది. మన ఇళ్ళలో రోజూ నడిచే పెద్ద తెలుగు వినోద చానళ్ళు నాలుగు: 1995లో మొదలైన జెమినీ, ఈటీవీ, ఆ తరువాత వచ్చిన జీ తెలుగు, స్టార్ మా. ఈ నాలుగింటికీ ఒక్కొక్కదానికి 19 రూపాయలు వేసినా 76 రూపాయలు, పన్నుతో కలిపి 90 రూపాయల లోపే. దీనికి పాత ఫీజు 153 రూపాయల 40 పైసలు కలిపితే మొత్తం 243 రూపాయలు. మేము ఏళ్ళ తరబడి కట్టినది నాలుగు వందలు దాటే ప్యాక్‌కు. అందులో ఇంగ్లిష్ సినిమాలు, హిందీ పాటల చానళ్ళు, మా ఇంట్లో ఎవరూ ఒక్క నిమిషం కూడా నిలిపి చూడని వినోద చానళ్ళు బోలెడు ఉండేవి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ప్యాక్ ఎప్పుడూ నష్టమే అనడం సరికాదు. ఒకే ప్రసార సంస్థకు చెందిన వినోదం, సినిమాలు, పాటలు మూడూ కావలసిన ఇంటికి, ఆ సంస్థ తెలుగు ప్యాక్ తీసుకోవడం విడిగా కొనడం కన్నా చవక పడుతుంది. విడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించి ప్యాక్ అమ్మే వీలు వారికి ఉంది. అందుకే మేము ఒక సంస్థ చిన్న తెలుగు ప్యాక్ ఉంచుకొని, మిగతా మూడు వినోద చానళ్ళను విడిగా తీసుకున్నాము. నష్టం తెచ్చేది డీటీహెచ్ సంస్థ తానే కూర్చి, ఏదో ఒక ఆకర్షణీయమైన పేరు పెట్టి అమ్మే పెద్ద ప్యాక్. హెచ్‌డీ చానళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2019లో అమలైన ఫీజు లెక్కలో ఒక హెచ్‌డీ చానల్‌ను రెండు మామూలు చానళ్ళుగా పరిగణించేవారు, పైగా హెచ్‌డీ విడిగా చేర్చుకున్న తరువాత కూడా అదే చానల్ మామూలు రూపం పాత ప్యాక్‌లో అలాగే ఉండిపోయి, ఒకే కార్యక్రమానికి రెండుసార్లు డబ్బు కడుతున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఇక అసలు విషయం. మా ఇంట్లో టీవీ ఎక్కువగా చూసేది మా అత్తమ్మ. పొద్దున్నే శ్రీవేంకటేశ్వర భక్తి చానల్‌లో సుప్రభాతం, మధ్యాహ్నం భోజనమయ్యాక పాత సినిమా, సాయంత్రం ఆరున్నర నుంచి వరుసగా సీరియళ్ళు, మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు వీ6లో తెలంగాణ యాసలో వచ్చే తీన్మార్ వార్తలు. ఆమెకు చానళ్ళ పేర్లకన్నా నంబర్లు బాగా గుర్తు. కనెక్షన్ తీసేసి అవే సీరియళ్ళను యాప్‌లలో పెట్టి ఇచ్చిన నెలల్లో ఆమె ఒక్కటే మాట అన్నది: “ఇది నాతోని కాదు బిడ్డా. నంబరు కొడితె రావాలె.” ఆ మాటలో మొండితనం లేదు. యాప్ తెరిస్తే ముందు ఎవరు చూస్తున్నారని అడుగుతుంది, తరువాత ఏవో కొత్త సినిమాల బొమ్మలు కదులుతాయి, సీరియల్ పేరు వెతకాలంటే చిన్న రిమోట్‌తో ఒక్కొక్క అక్షరం మీదికి వెళ్ళి నొక్కాలి. చూపు మసకబారిన, ఇంగ్లిష్ అక్షరాలు రాని మనిషికి ఇది ప్రతి సాయంత్రం ఎవరో ఒకరి సహాయం అడగవలసిన పని. సహాయం చేయడానికి మేము సిద్ధమే కానీ, అడగడం ఆమెకు ఇష్టం ఉండదు. క్రమంగా ఆమె టీవీ పెట్టమనడమే మానేసింది. ఆమెతో కలిసి చూసే పక్కింటి పెద్దమ్మ కూడా రావడం తగ్గింది. ఇంట్లో నెలకు కొన్ని వందలు మిగలడాన్ని దీనితో తూచి చూడవలసిన బాధ్యత ఇంటి ఖర్చులు చూసేవారి మీద ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డబ్బు లెక్క కూడా అనుకున్నంత సూటిగా లేదు. డీటీహెచ్‌లో పక్కపక్క నంబర్లలో వచ్చే నాలుగు చానళ్ళు, ఇంటర్నెట్‌లో నాలుగు వేరు వేరు యాప్‌లకు విడిపోయాయి. స్టార్ మా కార్యక్రమాలు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. ఒక్కొక్కదానికి వేరే చందా, వేరే పాస్‌వర్డ్, వేరే గడువు. తక్కువ ధరకు దొరికే ప్లాన్లలో కొన్ని ఫోన్‌కే పరిమితం. పెద్ద టీవీలో చూడాలంటే పై ప్లాన్ తీసుకోవాలి. దీనికి ఇంటర్నెట్ ఖర్చు ఉండనే ఉంది. మేము కట్టేది నెలకు 399 రూపాయలు, పన్నుతో 471 రూపాయలు. పిల్లల చదువుకు ఎలాగూ కావాలి కనుక దాన్ని టీవీ ఖాతాలో వేయడం లేదు. అయితే ఇంట్లో ఫైబర్ లేక ఫోన్ డేటా మీదే ఆధారపడే కుటుంబం సంగతి వేరు. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ వచ్చే ప్యాక్‌తో హెచ్‌డీలో ఒక సాయంత్రం సీరియళ్ళు కూడా పూర్తిగా చూడలేరు.

వార్తల విషయంలో మాత్రం డీటీహెచ్ అవసరం దాదాపు లేదు. తెలుగు వార్తా చానళ్ళన్నీ దాదాపుగా యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం ఇస్తున్నాయి. దూరదర్శన్ చానళ్ళు ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో ఉచితంగా వస్తాయి. గ్రూప్స్ పరీక్షలకు, ఇతర ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలున్నవారు తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ నిపుణ, విద్య చానళ్ళను తప్పక గమనించాలి. వాటి పాఠాలు యూట్యూబ్‌లోనూ ఉన్నాయి, ఆపి, వెనక్కి జరిపి వినే వీలు అక్కడే ఉంటుంది కనుక చదువుకునేవారికి అదే మేలు. క్రికెట్ గురించి ఎక్కువ చెప్పను. తెలుగు వ్యాఖ్యానం ఉన్న స్పోర్ట్స్ చానల్‌ను ఐపీఎల్ నెలల్లో చేర్చుకొని, అది అయిపోగానే తీసేస్తే సరిపోతుంది.

పనితీరు దగ్గరికి వస్తే, డీటీహెచ్‌కు ఉన్న పెద్ద లోపం వాన. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలు కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల శ్రేణిలో ఉంటాయి. ఆ తరంగాలను దట్టమైన వాన చినుకులు పీల్చుకొని, చెదరగొడతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు కమ్మి కుండపోతగా కురిసిన ప్రతిసారీ తెర మీద సిగ్నల్ లేదన్న సందేశం వస్తుంది, వాన పలచబడగానే దానంతట అదే సర్దుకుంటుంది. దీనికి సర్వీసు మనిషిని పిలవనవసరం లేదు. ముసురు పట్టిన రోజున, సన్నని చినుకులకే బొమ్మ పోతున్నదంటే మాత్రం డిష్ దిశ తప్పిందనో, డిష్ ముందు సిగ్నల్‌ను అందుకునే ఎల్ఎన్‌బీ అనే పరికరం లోపలికి నీరు చేరిందనో, వైరు కొసన తుప్పు పట్టిందనో అర్థం. మా వైపు దిశ తప్పడానికి ముఖ్య కారణం కోతులు. మిద్దె మీద డిష్ పట్టుకొని ఊగితే చాలు, కొద్ది మేర కదిలినా సిగ్నల్ పోతుంది. డిష్‌ను పిట్టగోడ అంచున కాకుండా గోడ పక్కన కిందికి బిగించి, చుట్టూ ఇనుప జాలీ కట్టించిన తరువాత మాకు ఆ బాధ చాలావరకు తగ్గింది. ప్రతి సర్వీసు రాకకూ కట్టే రుసుముతో పోలిస్తే జాలీ ఖర్చు ఎక్కువేమీ కాదు. వానకు ఫైబర్ తట్టుకుంటుంది కానీ, రోడ్డు తవ్వకాల్లో తీగ తెగితే ఒక్కోసారి రోజుల తరబడి రాదు. అలాంటప్పుడు ఇంట్లో డీటీహెచ్ ఒకటి ఉండడం ఎంత ఉపయోగమో తెలిసివస్తుంది.

ఉచితంగా వచ్చేది ఉండగా డబ్బు కట్టడమెందుకని అడిగేవారు డీడీ ఫ్రీ డిష్ గురించి చెబుతుంటారు. 2004 డిసెంబరులో మొదలైన ఈ సేవకు నెలవారీ రుసుము లేదు. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు. దేవరకొండ వైపు మా ఊరి ఇంట్లో, ఎవరైనా వెళ్ళినప్పుడు మాత్రమే తలుపు తీసే ఇల్లు కనుక, దీన్నే పెట్టించాము. డీడీ యాదగిరి, డీడీ న్యూస్, డీడీ కిసాన్ బాగా వస్తాయి. కానీ దీనిలో ప్రైవేటు వినోదమంతా ప్రధానంగా హిందీదే. పైన చెప్పిన నాలుగు పెద్ద తెలుగు వినోద చానళ్ళు ఇందులో రావు. హిందీ బెల్టులో ఇది పే టీవీకి నిజమైన ప్రత్యామ్నాయం కావచ్చు కానీ, సీరియళ్ళు చూసే తెలుగు ఇంటికి కాలేదు.

కేబుల్‌కు మారడం గురించి కూడా ఆలోచించాము. స్థానిక ఆపరేటర్ ఫోన్ చేస్తే వెంటనే మనిషిని పంపుతాడు, వానకు బొమ్మ పోదు. అయితే చానళ్ళ ధరల మీద 2023 ఫిబ్రవరిలో వివాదం వచ్చినప్పుడు, కొత్త ఒప్పందాల మీద సంతకం చేయని కేబుల్ సంస్థలకు పెద్ద ప్రసార సంస్థలు కొన్ని రోజులు చానళ్ళు నిలిపివేశాయి. మాకు తెలిసిన ఇళ్ళలో చానళ్ళను విడివిడిగా ఎంచుకుంటామంటే ఆపరేటర్ ఒప్పుకోక, తన ప్యాకే తీసుకోమనడం కూడా చూశాము. ఏరుకునే వీలే మాకు ముఖ్యం కనుక డీటీహెచ్‌లోనే ఉన్నాము.

ఏరుకోవడానికి మేము చేసిన పద్ధతి ఇది. రెండు వారాల పాటు ఎవరు ఏ నంబరు చూశారో టీవీ పక్కన కాగితం మీద రాసిపెట్టాము. ఆ కాగితంలో లేని పే చానల్ ప్రతిదాన్నీ తీసేశాము. పడకగదిలోని రెండో టీవీ కనెక్షన్‌ను పూర్తిగా రద్దు చేసి, దానికి ఇంటర్నెట్ మాత్రమే ఉంచాము. రెండో కనెక్షన్‌కు మొదటిదాని ఫీజులో 40 శాతం మించి తీసుకోకూడదన్న నిబంధన 2020లో వచ్చినప్పటికీ, పే చానళ్ళ ధర దానికీ మళ్ళీ విడిగా పడుతుందన్న సంగతి చాలామంది గమనించరు. ఈ మార్పులన్నీ అయ్యాక మా ఖర్చు సుమారు సగానికి వచ్చింది, అత్తమ్మ చూసే నంబర్లలో ఒక్కటీ పోలేదు. వినియోగదారుల కేంద్రానికి ఫోన్ చేసి కనెక్షన్ ఆపేస్తామని చెప్పగానే, అంతవరకు ఎక్కడా కనిపించని తక్కువ ధర ప్యాక్‌ను వారు ముందుకు తెచ్చారు. ఏళ్ళుగా క్రమం తప్పక కట్టే ఇంటికి ఆ ధర అడగకుండానే ఎందుకు చెప్పరన్నది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

ఇంట్లో అందరూ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూసుకునేవారే అయితే, సాయంత్రం వేళ టీవీ ముందు కూర్చునే మనిషి లేకపోతే, కనెక్షన్ పూర్తిగా తీసేయడమే సరైన పని. ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటూ పండుగలకు మాత్రమే వచ్చేవారు రద్దుకు బదులు తాత్కాలికంగా నిలిపివేయమని కోరవచ్చు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు పడే రుసుము ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి. తీసేయదలచినవారు ఏడాది రీచార్జ్ మధ్యలో ఉంటే అది పూర్తయ్యేదాకా ఆగడం మంచిది. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే దాన్ని ఫోన్‌లో విడిగా రద్దు చేయాలి, కనెక్షన్ వద్దని చెప్పినంత మాత్రాన ఆ అనుమతి దానంతట అది పోదు. బాక్స్ మరో సంస్థ సేవకు పనికిరాదు కనుక, అది మనం కొన్నదా, సంస్థదా అన్నది మొదటి బిల్లులో చూసి, సంస్థదైతే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి.